డబ్బా మూతకీ హైవే బోర్డుకీ ఒకే లావు సెరిఫ్ ఫాంటు: సన్నగీతలు నిలవట్లేదు

లంక_గ్రాఫిక్స్ అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. రావులపాలెం హైవే పక్కన పూతరేకుల షాపుకి పేరు డిజైను చేయాలి. మూడు చోట్ల పడాలి: అరకేజీ డబ్బా పైమూత, 12 అడుగుల వెడల్పు 4 అడుగుల ఎత్తు బోర్డు, వాట్సాప్‌లో తిప్పే బొమ్మ. ఇంగ్లీషు పేరు అంతా క్యాపిటల్స్. పీ, ఓ, ఓ, టీ, హెచ్, ఏ, ఆర్, ఈ, కే, యూ, ఎల్, యూ, మొత్తం 12 అక్షరాలు. ఫాంటు పోస్టర్ బొడోనీ తరహాది. నిలువు గీతలు బాగా లావు, అడ్డగీతలూ సెరిఫ్‌లూ (గీతల కొసల్లో ఉండే చిన్న అడ్డు) వెంట్రుకంత సన్నం. తెర మీద చూస్తే మిఠాయి కొట్టుకి భలే నప్పింది, ఓనరు గారికీ అదే కావాలి.

శాంపిల్ తీశాక గొడవ మొదలైంది. డబ్బా మీద ముదురు మెరూన్‌లో అక్షరాల్ని తెల్లగా వదిలాం, ఎత్తు 8 మి.మీ., నాలుగు రంగుల ఆఫ్‌సెట్. సన్నగీతలు సగం పూడిపోయాయి. బోర్డు నమూనా ఫ్లెక్స్ మీద తీసి రోడ్డు అవతల నుంచి చూస్తే చివరి మూడక్షరాలు మూడు కర్రల్లా ఉన్నాయి. తెలుగు పేరు మామూలు ఫాంటులో పెడితే ఇంగ్లీషు పక్కన బక్కచిక్కినట్టుంది, బోల్డ్ చేస్తే ముద్దయిపోతోంది. ఫాంటే మార్చేయాలా, సర్దుకునే దారి ఏమైనా ఉందా?


గౌతమి_ప్రీప్రెస్

డబ్బాకి ఉంచుకోండి. బోర్డుకి మాత్రం ఈ రూపం పనికిరాదు. బోర్డు సంగతి ఆ పని చేసేవాళ్లు చెప్తారు, నేను డబ్బా వరకు చెప్తాను.

ఈ రకం అక్షరంలో కంటిని లాగేది లావు గీత, పని చెడగొట్టేది సన్నగీత. ముందు సన్నగీత కొలవండి. కోరెల్‌డ్రాలో క్యాపిటల్ హెచ్ ఒక్కటే టైపు చేసి, కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి (టైపు అక్షరాన్ని గీసిన బొమ్మగా మార్చి), ఎత్తు సరిగ్గా 100 మి.మీ. పెట్టండి. మధ్యలో అడ్డగీత మందం ఎన్ని మిల్లీమీటర్లు వస్తే సన్నగీత అక్షరం ఎత్తులో అంత శాతం. నిలువు గీతని కూడా కొలిచి దీంతో భాగిస్తే తేడా ఎన్ని రెట్లో తేలుతుంది. సన్నగీత 2, లావు గీత 24 వచ్చాయనుకోండి, తేడా 12 రెట్లు. ఈ జాతిలో అది మామూలే.

2 శాతం లెక్కన మీ 8 మి.మీ. అక్షరంలో సన్నగీత 0.16 మి.మీ. తెల్ల అట్ట మీద ఒకే ఇంకుతో ఆ గీతే వేస్తే ఏ ఇబ్బందీ ఉండదు, మంచి ఆఫ్‌సెట్‌లో 0.1 మి.మీ. గీత కూడా నిలుస్తుంది. మీరు చేయించింది దానికి తిరగేసిన పని. మెరూన్‌ని నాలుగు రంగుల్లో కలిపి, మధ్యలో తెలుపు వదిలారు. అప్పుడు ఆ తెలుపు అంచు ప్రతి ప్లేటులోనూ (రంగుకి ఒక అచ్చు పలక) ఒకేచోట కూర్చోవాలి. ఒక ప్లేటు 0.1 మి.మీ. జరిగితే చాలు, 0.16 గీతలో సగానికి పైగా రంగు పడిపోతుంది. దానికి తోడు ఇంకు అంచుల నుంచి తెలుపులోకి కాస్త పాకుతుంది. లావు గీతకి ఆ పాకుడు లెక్కలోకే రాదు, సన్నగీత మాత్రం దాంతోనే పూడుతుంది.

మెరూన్‌ని స్పాట్ కలరుగా, అంటే ముందే కలిపిన ఒకే ఇంకుగా, ఒకే ప్లేటులో వేయించండి. అప్పుడు వదిలిన తెల్లగీత 0.25 మి.మీ. ఉంటే నిలుస్తుంది, అంటే అక్షరం ఎత్తు 12.5 మి.మీ., పేరు మొత్తం 120 మి.మీ. వెడల్పులో సరిపోతుంది. నాలుగు రంగుల్లోనే కావాలంటే 0.4 మి.మీ.కి తగ్గకూడదు. అక్షరం 20 మి.మీ., పేరు 190 మి.మీ. దాటుతుంది, మీ మూత మీద పట్టేది అనుమానం. అదీ ఇదీ వద్దు, 8 మి.మీ. ఎత్తే కావాలంటే రంగులు తిరగేయండి: లేత నేల మీద మెరూన్ అక్షరం, అదీ స్పాట్ ఇంకుతోనే.

స్టిక్కర్లు స్క్రీన్ ప్రింటింగ్‌లో వేయించే ఆలోచన ఉంటే అక్కడ గీత 0.4 మి.మీ.కి తగ్గనివ్వకండి. ఫ్లెక్సోలో (మెత్తని రబ్బరులాంటి అచ్చుతో) వేసే ప్లాస్టిక్ కవర్లకి గీత 0.2, తిరగేసి వదిలితే 0.4.

ఒక మాట నెయ్యి గురించి. మూత మీద కాగితం లేబుల్ అయితే పైన ఫిల్మ్ లామినేషన్ తప్పనిసరి. నెయ్యి పీల్చిన కాగితం అద్దంలా పారదర్శకమై, అడుగు రంగు పైకి తేలుతుంది. ఆ మరకలో ముందు కనపడకుండా పోయేవి సన్నగీతలే.

డబ్బా వెనకవైపు నికర బరువు, తయారీ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఈ ఫాంటులో అస్సలు పెట్టకండి. చిన్న సైజులో దీని 3, 6, 8 అంకెలకి సన్నని వంపులు పోతే ఒకదానికొకటి తేడా తెలియదు.


బోర్డుపని_పాలకొల్లు

బోర్డుకి కొలతలు చూద్దామండి. అంగుళం ఎత్తు అక్షరానికి పది అడుగుల దూరం, సైన్‌బోర్డుల పనిలో అందరూ పట్టే లెక్క ఇదే. మీ 12 అడుగులు అంటే 3,658 మి.మీ. రెండు పక్కలా ఐదేసి అంగుళాలు వదిలితే 3,400 మిగులుతుంది. 12 అక్షరాలకి పంచితే ఒక్కోదానికి 283. ఈ లావు క్యాపిటల్స్ వెడల్పు ఎత్తులో 80 శాతం దాకా తింటుంది కాబట్టి ఎత్తు 350 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. 14 అంగుళాలు అన్నమాట, 140 అడుగుల నుంచి, అంటే సుమారు 42 మీటర్ల నుంచి చదవగలగాలి.

350లో 2 శాతం 7 మి.మీ. మామూలు చూపున్న మనిషి కన్ను మీటరు దూరంలో సుమారు 0.29 మి.మీ. కంటే సన్నటి వివరాన్ని విడదీయలేదు. దూరం ఎన్ని రెట్లయితే ఆ కొలత అన్ని రెట్లు. 42 మీటర్ల దగ్గర అది 12 మి.మీ. మీ 7 మి.మీ. గీత 24 మీటర్లు దాటితే లేనట్టే. జొన్నాడ వంతెన దిగి గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 22 మీటర్లు కదులుతుంది. గీతలు కనపడ్డాక డ్రైవరుకి మిగిలేది ఒక్క సెకను. ధనుర్మాసం పొద్దున్న మంచు పట్టిందంటే అదీ ఉండదు.

సన్నగీతలన్నీ చెరిపేసి మీ పేరు ఒకసారి చూడండి. ఓ పైనా కిందా తెగి ఎదురెదురు బ్రాకెట్లు అవుతుంది. టీకి నెత్తిమీద గీత పోయి కర్ర మిగులుతుంది. హెచ్‌కి నడుము పోయి రెండు కర్రలు. ఏకి ఎడమ కాలు పోతుంది, ఎందుకంటే ఈ రకంలో ఏ ఎడమ కాలు సన్నం, కుడి కాలు లావు. యూ సరిగ్గా దానికి ఎదురు: ఎడమ లావు, కుడి సన్నం. ఎల్‌కి కింది గీత పోతుంది. చివరి యూ, ఎల్, యూ మూడూ మూడు కర్రలుగా కనిపించాయన్నారు చూడండి, ఫ్లెక్స్ మిషను తప్పేం లేదు అందులో. అక్షరం రూపమే అంత.

ఫ్లెక్స్ బదులు ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) మీద అక్రిలిక్ అక్షరాలు బిగించే ఆలోచన ఉంటే ఇంకో చిక్కు. గీత వెడల్పు షీటు మందానికి తగ్గకూడదు. 5 మి.మీ. అక్రిలిక్‌లో 7 మి.మీ. గీత కోతకి వస్తుంది గానీ, బిగించేటప్పుడు హెచ్ నడుము దగ్గర పుటుక్కుమంటుంది. కోత మిషను (రౌటర్) బిట్ 3 మి.మీ. అయితే లోపలి మూలలన్నీ 1.5 మి.మీ. గుండ్రం తిరుగుతాయి, సెరిఫ్ కంబాన్ని (నిలువు గీతని) కలిసే చోట ఈ ఫాంటుకి ఉండే పదునంతా పోతుంది. లేజరు కోత చేయించండి. లోపల ఎల్ఈడీ పెట్టే, డబ్బాలా మందంగా ఉండే అక్షరాలకి గీత కనీసం 35, 40 మి.మీ. కావాలి, కాబట్టి అది ఈ ఫాంటుతో అయ్యే పని కాదు. రాత్రి వెలుగు కావాలంటే ఏసీపీలోనే అక్షరం ఆకారం కోసి, వెనక పాలరంగు అక్రిలిక్ పెట్టి, దాని వెనక లైట్లు పెట్టించండి. ఓ, ఏ, ఆర్ లోపలి ముక్కలు ఊడి రాకుండా అక్రిలిక్‌కే అతికించాలి.

స్టీలు అక్షరాలు ఎవరైనా చెప్తే 304 రకం అడగండి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి 202 రకం తొందరగా తుప్పు చుక్కలు వేస్తుంది.


అచ్చక్షరం_రాజమండ్రి

పై లెక్కకి పాతకాలం సంగతి ఒకటి కలపాలి. ఈ లావు రకం 1800ల మొదటి ఏళ్లలో లండన్‌లో పుట్టింది, లాటరీ ప్రకటనల కోసం, గోడ పోస్టర్ల కోసం. పర్మాలో బొడోనీ, పారిస్‌లో దిదో ఇంటివాళ్లు పుస్తకాలకి పోసిన అక్షరాల్నే తీసుకుని నిలువు గీతల్ని లావెక్కించారు, సన్నగీతల్ని అలాగే ఉంచేశారు. 1920ల చివర్లో అమెరికాలో అల్ట్రా బొడోనీ, పోస్టర్ బొడోనీ పేర్లతో మళ్లీ వచ్చింది. గోడ పోస్టరు నడిచి వెళ్లేవాడు నాలుగడుగుల దూరంలో ఆగి చదివేది. దుకాణం గల్లా వెనక గోడ, డబ్బా మూత, పెళ్లి కార్డు, పత్రిక ముఖచిత్రం, ఇలా దగ్గరగా చూసే చోట ఇప్పటికీ దీన్ని మించింది లేదు. చిన్నబడి అక్షరాలు కూడా వాడి చూడండి. సీ, ఎఫ్, ఆర్, వై కొసల్లో పండులాంటి గుండ్రని బొట్లు వస్తాయి, మిఠాయికి ఆ నిండుతనం బాగా కలిసొస్తుంది.

తెలుగు విషయం. ఇంగ్లీషు అక్షరం లావంతా నిలువు కంబాల్లో ఉంటుంది. తెలుగుకి కంబాలు దాదాపు లేవు, అంతా చుట్టే. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు గీత అంతటా ఒకే మందం. లావూ సన్నం తేడా పోత అక్షరాలతో వచ్చింది, అదీ మోస్తరుగా. కాబట్టి 12 రెట్ల తేడా ఉన్న తెలుగు ఫాంటు కోసం వెతకొద్దు. ఎవరైనా గీసినా అది తెలుగులా నడవదు. తేడా కలపకండి, నలుపు కలపండి. రెండు పేర్లనీ నలుపులో పక్కపక్కన పెట్టి ఫోటోషాప్‌లో 15 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ (మసకబార్చే ఫిల్టర్) వేయండి. రెండు బూడిద మచ్చలూ ఒకే చిక్కదనంలో కనిపించేదాకా తెలుగు మందం మార్చండి. నోటో సెరిఫ్ తెలుగు 100 నుంచి 900 దాకా మందాల్లో దొరుకుతుంది, 700 దగ్గర మొదలుపెట్టండి. తెలుగు అక్షరం ఒళ్లు ఇంగ్లీషు క్యాపిటల్ ఎత్తులో 75, 80 శాతం ఉంటే పక్కపక్కన సమానంగా కనిపిస్తాయి. దీర్ఘాలకీ ఏత్వాలకీ పైన, వత్తులకి కింద చోటు వేరేగా వదలాలి.

బోల్డ్ చేస్తే ముద్దవుతోంది అన్నారు. మీ మాటలో మొదటి అక్షరం చూడండి. పకీ వకీ తేడా ఒక్కటే: ప మీద తలకట్టు ఒంటికి అంటకుండా సందు ఉంటుంది, వకి అంటుకుని ఉంటుంది. మందం పెంచితే ఆ సందు ముందు పూడుతుంది. పూతరేకులు కాస్తా వూతరేకులు అవుతాయి. ఇంగ్లీషులో సన్నగీత ఎలాగో మనకి ఈ సందు అలాగ. దీన్నీ గౌతమి గారు చెప్పినట్టే 100 మి.మీ. చేసి కొలవండి, అవే హద్దులు దీనికీ వర్తిస్తాయి. మందం 900కి పెంచి సందు ఒక శాతానికి పడిపోయే కన్నా 700లో ఆగి మూడు నాలుగు శాతం సందు దక్కించుకోవడం మేలు. రామభద్ర లాంటి ఒకే మందం ఫాంటులో ఈ సర్దుబాటుకి వీలుండదు.

బోర్డు మీద నేనైతే తెలుగే పెద్దది పెడతాను. ఇంగ్లీషుకి 12 అక్షరాలు, తెలుగుకి ఐదే. అదే 3,400 మి.మీ.లో ఒక్కో అక్షరానికి 680 దొరుకుతుంది, ఒళ్లు 450 మి.మీ. దాకా పెంచొచ్చు. దూరం నుంచి చదివేది ఆ ఐదక్షరాలే. ఇంగ్లీషు దాని కింద చిన్నగా ఉంటే చాలు.


లంక_గ్రాఫిక్స్

చాలా థాంక్సండీ, పూ అక్షరం సందు సంగతి ఇంతవరకు గమనించలేదు. మెరూన్‌ని స్పాట్ కలరు చేయించి 12.5 మి.మీ. పెట్టేస్తాం. బోర్డు మీద తెలుగు పెద్దగా పెట్టడానికి ఓనరు గారు ఒప్పుకుంటారు గానీ, బయటి ఊళ్ల బళ్ల కోసం ఇంగ్లీషు కూడా కనపడాలి అంటున్నారు. ఇదే ఫాంటుకి చుట్టూ అవుట్‌లైన్ వేసి సన్నగీతల్ని లావు చేస్తే సరిపోదా?


బోర్డుపని_పాలకొల్లు

చేయొచ్చు. కోరెల్‌లో కాంటూర్ టూల్‌తో బయటికి 3 మి.మీ. వేయండి, మూలలు గుండ్రం కాకుండా మైటర్ (పదును మూల) పెట్టండి. 7 మి.మీ. గీత 13 అవుతుంది. 42 మీటర్ల హద్దు 12 కాబట్టి అంచు మీద గట్టెక్కుతారు.


గౌతమి_ప్రీప్రెస్

పాలకొల్లు గారి లెక్క సరైనదే గానీ నేను ఆ పని చేయను. కాంటూర్ సన్నగీతనీ లావు గీతనీ ఒకే కొలత పెంచుతుంది. గీత 7 నుంచి 13 అయితే కంబం 84 నుంచి 90 అవుతుంది. అంత లావు అక్షరాల్లో ఏ, ఆర్, ఈల లోపలి ఖాళీ ముందే తక్కువ, అన్ని వైపులా మూడేసి మిల్లీమీటర్లు ఇంకా తగ్గుతుంది. పక్క అక్షరంతో ఎడం కూడా 6 మి.మీ. తగ్గుతుంది కాబట్టి ఆ మేరకి విడదీయాలి, విడదీస్తే 3,400 దాటుతుంది, మళ్లీ ఎత్తు తగ్గించాలి. తిరిగి మొదటికే వస్తాం.

ఇంకో దారి చెప్తాను. బొడోనీ మోడా అని గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో మందం 400 నుంచి 900 దాకా, దాంతోపాటు ఆప్టికల్ సైజు అని 6 నుంచి 96 దాకా ఇంకో మీట ఉంటుంది. 96 వైపు జరిపితే సన్నగీతలు వెంట్రుకలే. 6 వైపు జరిపితే అదే అక్షరం, అదే సొగసు, కానీ సన్నగీతలు బలంగా, లోపలి ఖాళీలు విశాలంగా, అక్షరాల మధ్య ఎడం ఎక్కువగా గీసి ఉంటాయి. సీసం అక్షరాల కాలంలో ప్రతి పాయింటు సైజుకీ విడిగా పోత పోసేవాళ్లు, అదే పద్ధతి.

పెద్ద బోర్డుకి చిన్న సైజు రూపం ఏమిటి అని ఆగిపోకండి. కంటికి ఎంత కనిపిస్తుందో లెక్క కట్టండి. 42 మీటర్ల దూరంలో 350 మి.మీ. అక్షరం, చేతిలో పుస్తకం పట్టుకున్న 40 సెంటీమీటర్ల దూరంలో 3.3 మి.మీ. క్యాపిటల్‌తో సమానం. అంటే ఇంచుమించు 13, 14 పాయింట్ల అక్షరం. కొలతకి మూరెడున్నా కారులోంచి చూసేవాడికి అది పుస్తకంలో అక్షరమే. అందుకని బోర్డుకి ఆప్టికల్ సైజు 11 కంటే పైకి వెళ్లొద్దు, తెలుగు కింద ఇంకా చిన్నగా పెడితే 6లోనే ఉంచండి. మందం 800 చాలు. డబ్బా మూతకి 12.5 మి.మీ. క్యాపిటల్ అంటే దాదాపు 50 పాయింట్లు, అక్కడ 28 దగ్గర పెట్టి హెచ్ కొలిచి చూడండి, 0.25 హద్దు దాటుతుంది అనిపిస్తే ఇంకా పైకి జరపొచ్చు. ఇలా చేస్తే డబ్బా, బోర్డు ఒకే ఇంటి అక్షరంలో ఉంటాయి, ఓనరు గారి కోరికా తీరుతుంది.

ఈ మీటలు కనపడాలంటే వేరియబుల్ ఫాంట్లు (ఇలా మీటలతో రూపం మారే ఫాంట్లు) తెరిచే వెర్షన్ ఉండాలి, కోరెల్ 2020 నుంచి ఉంది. బోర్డు షాపుకి పంపేటప్పుడు కర్వ్స్ చేసే పంపండి. ఫాంటు ఫైలు పంపితే అవతలి సిస్టమ్‌లో మీటలు మామూలు స్థానానికి వెళ్లిపోయి, మీరు పెట్టిన రూపం కాకుండా వేరేది ప్రింటవ్వొచ్చు.


అచ్చక్షరం_రాజమండ్రి

కర్వ్స్ మాట తెలుగుకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. యూనికోడ్ తెలుగు పాత కోరెల్‌లో అతికిస్తే వత్తులు విడిపోతాయి. పరీక్షకి "ఆత్రేయపురం" అని టైపు చేయండి. త్రేలో రవత్తు త చుట్టూ ఎడమవైపు తిరిగి వస్తే సరే, పక్కన విడిగా నిలబడితే ఆ వెర్షన్‌లో చేయొద్దు. ఇలస్ట్రేటర్ అయితే ప్రిఫరెన్సుల్లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి ఫాంట్లు) టైపు చేసిన మేటర్ యూనికోడ్ ఫాంటులోకి మార్చితే పిచ్చిగీతలే వస్తాయి, ముందు కన్వర్ట్ చేయాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఊరి పేరు డబ్బా మీద తప్పు లేకుండా, స్పష్టంగా పడటం ఇప్పుడు ఇంకా ముఖ్యం.


లంక_గ్రాఫిక్స్

బొడోనీ మోడా దించుకున్నాం. 11 దగ్గర పెట్టి చూస్తే యూ, ఎల్, యూ దూరం నుంచి కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. వాట్సాప్ బొమ్మకి కూడా ఇదే వాడాలా? ధర కూడా అందులోనే వేయాలి.


గౌతమి_ప్రీప్రెస్

వాడండి, 6 నుంచి 11 మధ్యలో. 1,080 పిక్సెళ్ల బొమ్మలో పేరు 900 పిక్సెళ్లు పరుచుకుంటే అక్షరం ఎత్తు 94 పిక్సెళ్లు. పాత ఫాంటులో సన్నగీత రెండు పిక్సెళ్లు కూడా రాదు, చాట్‌లో చిన్న బొమ్మగా కనపడేటప్పటికి ఒకటికి లోపు. వాట్సాప్ బొమ్మని కుదించి పంపుతుంది, ఆ కుదింపులో సన్నగీత బూడిదరంగు మరకవుతుంది. నాణ్యత ముఖ్యమైన చోట పీఎన్‌జీ చేసి డాక్యుమెంటుగా పంపండి.

ధర వేసేటప్పుడు రూపాయి గుర్తుని జూమ్ చేసి చూడండి. ఆ గుర్తు 2010లో వచ్చింది, చాలా డిస్‌ప్లే ఫాంట్లలో ఉండదు. లేకపోతే సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా వేరే ఫాంటులోంచి తెచ్చి పెట్టేస్తుంది, లావు అంకెల పక్కన పుల్లలాంటి గుర్తు పడుతుంది. అలా వస్తే అదే ఫాంటు క్యాపిటల్ ఆర్ తీసుకుని కర్వ్స్ చేసి గీసుకోండి: ఎడమ కంబం తీసేయాలి, పైన రెండు అడ్డగీతలు ఉండాలి, వాటి మందం హెచ్ నడుము మందమే పెట్టాలి.